నడుం వదులు

నడుముకు చుట్టుకున్న బెల్టు అతుకు పట్టీని మాస్టారు మెల్లగానే లాగాడు. అయినా అది రోజులాగే బర్రుమంది. బట్టలు మార్చుకునే గదిలో ఉన్నవాళ్ళు తలతిప్పి చూశారు. ఆయన బెల్టును మూలనున్న కొక్కేనికి తగిలించి, పక్క కొక్కేనికి చొక్కా, ప్యాంటు తగిలించాడు. ఆసుపత్రివాళ్ళిచ్చిన ఆ బెల్టు ఒరుసుకుంటోందని లోపలివైపు మెత్తటి గుడ్డ ఆయనే వేసుకున్నాడు. పదిమంది ప్యాంట్ల నడుముల దగ్గర కత్తిరించగా మిగిలిన ముక్కలవి, ఏ రంగుకా రంగే.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలరు. పెద్ద బట్టల దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన, మిషను ముందు ఆయన జీవితం గడిచింది. పొడుగైతే కురచ చేయడం, బిగుతైతే వదులు చేయడం ఆయన పని. ఇది ఫలానా మాస్టారు కుట్టిన చొక్కా అని ఊళ్ళో ఎవరూ చెప్పుకోలేదు. ఇంకొకరు కుట్టింది విప్పి మళ్ళీ కుట్టడంతోనే తల నెరిసిపోయింది. వంగి వంగి చివరికి వెన్నులో ఏదో ముక్క పక్కకు జరిగి, కాలు మొద్దుబారి, ఆపరేషన్ దాకా వచ్చింది. మత్తు వదిలాక భార్యను మొదట అడిగిన మాట, "కుట్టు ఎలా వేశారే?" అని.

"మీరేసినంత సన్నంగా లేదు గానీ, ఊడేలా లేదు లెండి," అందావిడ.

ఈత ఒక్కటే ఆయన సొంత సుఖం. పెళ్ళికి ముందునుంచీ పొద్దున్నే ఈతకొలనుకు వచ్చి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈది, జుట్టు తడి ఆరకముందే మిషను ముందు కూర్చునేవాడు. రోజంతా వంగి ఉండే మనిషి ఒళ్ళు సాగేది అక్కడే. ఆపరేషన్ తర్వాత అది కాస్తా పోయింది. దానితోపాటు నవ్వూ పోయింది. గ్లాసు చప్పుడైనా కసురుకునేవాడు. "మీరు ఈత మానేస్తే మునిగిపోతున్నది మేమండీ," అని భార్యే ఆయన్ని మళ్ళీ ఇక్కడికి తరిమింది.

వ్యాయామం నేర్పే అమ్మాయి అప్పటికే నీళ్ళలో నిలబడి ఉంది. ఆసుపత్రి తరఫున వచ్చే పిల్ల. ఇన్నాళ్ళూ నీళ్ళలో నడవమంటే నడిచాడు, గోడ పట్టుకుని కాళ్ళాడించమంటే ఆడించాడు. పాదాలు నేల వదలమంటే మాత్రం ససేమిరా అన్నాడు. ఆ పిల్ల రావడం ఈ రోజుతో ఆఖరు. పక్కన ఆమె ఉండగా తేలలేకపోతే, ఒక్కడే వచ్చి తేలేది వట్టిదని మాస్టారికి తెలుసు. ఇక గట్టున కూర్చుని కాళ్ళు తడుపుకుపోవడమే మిగులుతుంది.

"వెల్లకిలా పడుకోండి బాబాయిగారూ. కింద నా చెయ్యి ఉంటుంది."

పడుకున్నాడు. నడుం కట్టెలా బిగుసుకుంది, కాళ్ళు మునిగాయి, ముక్కులోకి నీళ్ళు పోయాయి. లేచి దగ్గాడు.

"నడుం బిగించకండి," అందా అమ్మాయి.

చిక్కంతా అక్కడే ఉంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన విన్నది బిగించమనే. తండ్రీ టైలరే. "నడుం బిగించి కూర్చోరా, పని దానంతటదే అవుతుంది," అనేవాడు. చెల్లెలి చదువుకు నడుం బిగించాడు, తలదాచుకోను ఇల్లు కట్టడానికి నడుం బిగించాడు. ఇప్పుడొచ్చి వదిలెయ్యమంటే ఎలా వదలడం? పైగా లోపల కుట్టుంది. అది పట్టు తప్పితే మళ్ళీ మంచమే.

"ఇంకొక్కసారి," అందామె.

పాత ఈత నిక్కరు జారిపోతోందని ఆయన కొత్తది కుట్టుకుని, ఆ రోజే మొదటిసారి వేసుకున్నాడు. మనసు ఈత మీద ఉన్నా చెయ్యి దాని అలవాటు మానలేదు. వెనక జేబు పెట్టింది, జేబుకు కాజా తీసింది, కాజాకు గుండీ కుట్టింది. నీళ్ళలో జేబెందుకన్న సంగతి వేసుకునేదాకా తోచలేదు. ఇప్పుడా జేబులో గాలి చేరి కప్ప గొంతులా ఉబ్బి ఉంది. ఆయన వెనక్కి వాలగానే అమ్మాయి అరచెయ్యి సరిగ్గా దానికే తగిలింది.

బుడబుడమని పెద్ద బుడగలు పైకి లేచాయి. పక్కన ఈదుతున్న పెద్దావిడ గబగబా అవతలికి జరిగింది.

"నేను కాదమ్మా," అన్నాడు మాస్టారు, సిగ్గుతో చచ్చిపోతూ. "జేబు."

"జేబా?"

"వెనక జేబు. గుండీ కూడా పెట్టాను."

"నీళ్ళలో ఏం దాచుకుందామని బాబాయిగారూ?"

మాస్టారికి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎన్నాళ్ళ నవ్వో, ఆగలేదు. తల వెనక్కి పడింది, చెవులు నీళ్ళలో మునిగాయి, పైకప్పు దీపాలు అటూ ఇటూ ఊగాయి. నవ్వుతూ నడుం బిగించడం ఎవరివల్లా కాదు. కాసేపటికి చూస్తే ఆ అమ్మాయి నవ్వీ నవ్వీ రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంటోంది. మరి తన నడుం కింద ఎవరి చెయ్యి ఉన్నట్టు?

ఎవరిదీ లేదు. ఒట్టి నీళ్ళే.

మాస్టారికి పట్టరాని సంతోషం వేసింది. మెల్లగా బోర్లా తిరిగి చేతులు చాచాడు. నీళ్ళు పాత చుట్టాల్లా దారిచ్చాయి. అవతలి గట్టు చేరేసరికి రొప్పు వచ్చింది గానీ నొప్పి రాలేదు. వెంటనే తిరిగొచ్చాడు.

"ఇక మీకు నేనక్కర్లేదు. ఆ జేబు చాలు," అంటూ అమ్మాయి గట్టెక్కి, ఒళ్ళు తుడుచుకుని కోటు తొడుక్కుంది.

ఆమెకు చాలా చెప్పాలనుకున్నాడు. "నీ కోటు గుండీ వేలాడుతోంది. ఊడకముందే దుకాణానికి తీసుకురా, కుట్టిపెడతాను," అన్నాడు. వస్తానని తల ఊపి వెళ్ళిపోయింది.

దుకాణంలో ఆయన మిషను ఆ రోజు వానలా కొట్టింది. ఎదుట స్టూలు మీద భార్య కాజాలు తీస్తోంది. పెళ్ళయి ఈ ఊరికి కాపురానికొచ్చినప్పటినుంచీ ఆ స్టూలు ఆవిడది. మధ్యాహ్నం ఒక బొద్దు పెద్దమనిషి ప్యాంటు వచ్చింది. దానికి గుచ్చిన చీటీ మీద రెండే మాటలు: నడుం వదులు. మాస్టారు అది చదివి కిసుక్కున నవ్వాడు.

"ఏమిటండీ ఆ నవ్వు?"

"నడుం వదులు చెయ్యాలట."

"రోజూ చేసేదేగా."

"ఇవాళ ముందు నాది చేసుకొచ్చాను."

ఆవిడ సూది ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది. "బెల్టేదీ?"

ఆయన నడుం తడుముకున్నాడు. చొక్కా కింద ఏమీ లేదు. మెట్లెక్కాడు, వంగాడు, లేచాడు, కూర్చున్నాడు, గుర్తే రాలేదు.

"వెళ్ళి తెచ్చుకుంటారా?"

"రేపెలాగూ ఈతకు పోతాగా, అప్పుడు చూద్దాంలే," అని మళ్ళీ మిషను తొక్కాడు. ఆవిడ తల వంచుకుని, నవ్వు దాచుకుంటూ సూదిలో దారం ఎక్కించింది.

అక్కడ, బట్టలు మార్చుకునే గది మూలన, కొక్కేనికి ఆ బెల్టు వేలాడుతూనే ఉంది, లోపల పదిమంది నడుముల ముక్కలతో, ఇంకా మాస్టారి నడుం వంపులోనే.