మేము తిట్టం, వెంటనే రండి

నేను ఒక కాగితాన్ని. ఆగండి, పేజీ తిప్పేయకండి. కరెంటు బిల్లునూ కాను, పెళ్ళి పిలుపునూ కాను. మందు బిళ్ళలు ఎక్కువై ఆసుపత్రిలో చేరినవాళ్ళు కోలుకుని ఇంటికి వెళ్ళేటప్పుడు చేతికిచ్చే కాగితాన్ని. నా మీద ఉన్నవి గుప్పెడు వాక్యాలే. ఆ గుప్పెడు వాక్యాలు ఒక మనిషిని బతికించాయి. ఆ సంగతి ఎవరికైనా చెప్పేదాకా నా అంచులు నిలవడం లేదు.

ముందు నా పుట్టుక వినండి. నాకంటే ముందు ఆ ఆసుపత్రిలో మా అన్నలు ఉండేవారు. ఒంటి నిండా చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. గేటు బయట బఠాణీల బండివాడికి వాళ్ళంటే మహా ఇష్టం, పొట్లానికి సరిగ్గా సరిపోతారని. ఒకాయన వాళ్ళలో ఒకణ్ణి భద్రంగా జేబులో పెట్టుకు వెళ్ళి, మళ్ళీ అవే బిళ్ళలు మింగి, అదే మంచం మీదికి తిరిగొచ్చాడు. డాక్టరు నీరజ గారికి ముందు ఆయన మీద కోపం వచ్చింది. తర్వాత ఆయన జేబులోంచి మా అన్నని తీసి చదివింది. కోపం అటు తిరిగింది. తెలుగులో తానే రాస్తానని కూర్చుంది.

రాసింది కూడా. "అధిక మోతాదు ఔషధ సేవనానంతర జాగ్రత్తలు" అని మొదలుపెట్టి, వాళ్ళమ్మకి ఫోనులో చదివి వినిపించింది. ఆవిడ ఓపిగ్గా విని, "అంటే?" అంది. డాక్టరమ్మ కొట్టేసింది. "కాలేయ వైఫల్య లక్షణాలు" దగ్గర ఆవిడ మళ్ళీ "అంటే?" అంది.

"అబ్బా, కళ్ళు పచ్చబడటం, వాంతులు ఆగకపోవడం, కుడి డొక్క కింద నొప్పి అమ్మా."

"మరి అదేదో అలాగే రాసేడవచ్చుగా."

అలా ఆవిడ "అంటే?" అన్నదల్లా పోయింది, అననిది మిగిలింది. ఆ మిగిలిందే నేను. చివరి వాక్యం మాత్రం డాక్టరమ్మ ఎవరినీ అడక్కుండా రాసింది. భయానికీ సిగ్గుకీ దాచుకుని దాచుకుని, ఆఖర్న చేతులు కాలాక వచ్చేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది.

ఇక నా యజమానురాలు సువార్తమ్మ. మిరప యార్డులో కాయలకి తొడిమలు తీసే మనిషి. ఆ ఘాటుకి దగ్గు, దగ్గుతో జ్వరం, వంగి కూర్చునేసరికి ఒళ్ళు నొప్పులు. ఆ యింట్లో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. దాని నిండా విడి బిళ్ళలు. మందుల షాపువాడు బిళ్ళల షీటులోంచి అడిగినన్ని కత్తెరతో కత్తిరించి ఇస్తాడు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కాబట్టి ఇంటికొచ్చాక రంగే పేరు. తెల్లది జ్వరానికి, పచ్చది జలుబుకి, పొడుగుది నొప్పులకి. మూడింటిలోనూ ఉన్నది పారాసిటమాల్ అనే ఒకే మందని చెప్పేవాళ్ళు లేకపోయారు.

పక్క వాటాలో తోటికోడలు రూతమ్మ ఉండేది. ఆమెకీ అదే పని, అదే జ్వరం. రెండు వాటాలకీ కలిపి వాడే ఆ డబ్బా ఆమెదే. "అది జ్వరానిది గదక్కా, నొప్పులకి ఇది కూడా ఏసుకో" అని ప్రేమగా చేతిలో పెట్టేది. తనూ వేసుకునేది. రోజూ అలా జరిగితే మనిషి ఏమవుతుంది? ముందు సువార్తమ్మ పడిపోయింది. విరుగుడు మందు ఎక్కించి ఆమెని నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ నన్ను ఆమె భర్త ఏసోబు చేతిలో పెట్టి, ఒక్కొక్క వాక్యమూ వేలు పెట్టి చెప్పింది. ఏసోబు "ఊ, ఊ" అంటూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం ఆటో కోసం గేటువైపు.

ఇల్లు చేరాక నన్ను ఏం చేశాడనుకున్నారు? ముఖ్యమైన కాగితం గదా అని బైబిల్లో పెట్టాడు. అదీ ఎక్కడ, చిట్టచివర ప్రకటన గ్రంథంలో, రేషన్ కార్డు పక్కన. కాగితం ఎంత ముఖ్యమైనదైతే అంత కనబడని చోట పెట్టడం మనుషుల పద్ధతి. సువార్తమ్మ పెళ్ళయ్యాక బైబిలు చదువుకోవడానికే అక్షరాలు నేర్చుకున్న మనిషి. కానీ ఆమె కీర్తనలు దాటి వచ్చేదెప్పుడు, నన్ను చూసేదెప్పుడు?

నా అంచు కాస్త బయటికి ఉండేది. అందువల్లే నాకు ఆ సంగతి తెలిసింది. ఒక మధ్యాహ్నం అంతా నిద్రపోతుంటే రూతమ్మ వచ్చింది. పెరట్లో వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, బైబిలున్న బల్ల ముందు కూర్చుంది. "ప్రభువా, అక్కకి ఆ బిళ్ళలు ఇచ్చింది నేనే. అక్క ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేనూ మింగా. ఇప్పుడు చెప్తే నలుగురూ నన్నేమంటారు?" అని గుసగుసగా అంది. ఎవరైనా అడిగితే మాత్రం, "ఒంట్లో ఏడి చేసిందిలే, మజ్జిగ తాగితే పోద్ది" అనేది. గుండె లేనిదాన్నైనా నాకు గుభేలుమంది. అమ్మా రూతమ్మా, అది వేడి కాదు, మజ్జిగకి తగ్గదు, నా ఒంటి మీద నీ సంగతే రాసుంది. కానీ నాకు అక్షరాలున్నాయి గానీ నోరు లేదు. ఎవరో ఒకరు తీసి చదివితే తప్ప నేను చిత్తు కాగితంతో సమానం. రూతమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను.

మర్నాడు సాయంత్రం ఆ యింట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు, సువార్తమ్మ బతికి బయటపడ్డందుకు. యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళంతా వచ్చి చాపల మీద సర్దుకున్నారు. రూతమ్మ గుమ్మం పక్కన గోడకి ఆనుకుంది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు, "సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. సువార్తమ్మ బైబిలు ఒళ్ళోకి తీసుకుంది. నిజం చెప్పొద్దూ, నేను జారానో, ఏసోబు నన్ను సరిగా పెట్టలేదో, వెళ్ళి ఆమె ఒళ్ళో పడ్డాను.

ఆమె నన్ను విప్పి చూసింది. "నాకు మాటలు రావయ్యగారూ. నన్ను బతికించినోళ్ళు రాసిచ్చిన కాయితం ఇది. ఇదే చదువుతా" అంది.

ఏం చెప్పను నా సంబరం. అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, కీర్తన చదివినట్టే చదివింది. "రంగు వేరైనా మందు ఒకటే కావచ్చు. పేరు తెలియని బిళ్ళ మింగకండి." చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. "మా ఇంట్లోనూ ఉందే డబ్బా" అంది ఒకామె. "వాంతులు ఆగకపోయినా, కుడి డొక్క కింద నొప్పి వచ్చినా, కళ్ళు పచ్చబడినా, రేపటిదాకా ఆగకండి." గోడ దగ్గర రూతమ్మ చెయ్యి తన కుడి డొక్క మీదికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇంకొక్క వాక్యం, సువార్తమ్మా, ఆపకు, ఆ ఒక్కటీ చదువు.

చదివింది. "మీరైనా, మీ ఇంట్లో ఇంకెవరైనా, తెలిసి ఎక్కువ మింగినా, తెలియక మింగినా, మేము తిట్టం. ఒంట్లో బాగానే ఉన్నా సరే, వెంటనే రండి. ఆ బిళ్ళలు కూడా తీసుకురండి."

రూతమ్మ గోడ పట్టుకుని లేచింది. "అక్కా, నేనూ అయ్యే మింగా. నీకిచ్చింది నేనే గదా, అందుకని నోరెత్తలా" అంది. ఎవరో ఒకామె ఏదో అనబోయింది. సువార్తమ్మ నన్ను గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడింది.

"ఇక్కడెవరూ ఏం అనొద్దు. కాయితంలో ఏం రాసుందో విన్నారు గదా. రూతా, చెప్పులేసుకో. అయ్యగారూ, మిగతా ప్రార్థన ఆటోలో చేసుకుందాం."

ఈసారి ఏసోబు కళ్ళు ఆటోని ఇట్టే పట్టాయి. డబ్బా చంకన పెట్టుకుని ముందు ఎక్కాడు. అయ్యగారు డ్రైవరు పక్కన కూర్చుని నిజంగానే దారి పొడుగునా ప్రార్థన చేశారు. నేను సువార్తమ్మ చెమట చేతిలో నలిగిపోతూ, ఏ రాజుగారి ఫర్మానాకీ జరగనంత వైభవంగా ఊరేగాను.

రక్తం తీసి చూశారు. రూతమ్మకి విరుగుడు మందు ఎక్కించారు. "ఇవాళే రావడం మంచిదైంది. ఇంకా ఆగి ఉంటే నేను మాట ఇవ్వలేకపోయేదాన్ని" అంది డాక్టరమ్మ. మాట ప్రకారం ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. సువార్తమ్మ చేతిలో ముడతలు పడిన నన్ను చూసి, పక్కకి వెళ్ళి ఫోను చేసింది. "అమ్మా, ఒకామె దాన్ని అందరి ముందూ చదివిందే." అటునుంచి మాట నాకూ వినబడింది. "ఎవరూ 'అంటే?' అనలేదు గదా?"

ఎవరూ అనలేదు.

రూతమ్మ కోలుకుంది. బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు మళ్ళీ బిస్కెట్లే ఉన్నాయి. యార్డులో ఎవరైనా తలనొప్పని బిళ్ళ కోసం కొంగుముడి విప్పితే, "పేరున్న ముక్క ఏదీ?" అని అడిగేది రూతమ్మే. నా మడతలు చిరగడం మొదలైంది, ఒక మూల మిరప కారం మరక. నన్నిప్పుడు ప్రకటన గ్రంథంలో పెట్టడం లేదు. బల్ల మీద పైనే ఉంటాను, ఎందుకంటే సాయంత్రం పని నుంచి రాగానే రూతమ్మకి నాతో పని. అక్కని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్చుకుంటోంది. సువార్తమ్మ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టమంటుంది. రూతమ్మ వినదు. మిరపకాయలకి కందిపోయిన వేలు తిన్నగా నా అడుగుకి వచ్చి ఆగుతుంది.

"మే... ము... తి... ట్టం" అని చదువుకుంటుంది.