మగ్గాల లైను లెక్క

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పాలవాడు లీటరు పోసి వెళ్ళాక గిన్నెలో మళ్ళీ కొలుచుకునే రకం నేను. దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు అడుగుతావని మా ఆయన వెక్కిరించేవారు. అడుగుతాను, తప్పేముంది? అనుమానం పెనుభూతం అని లోకం తిడుతుంది గానీ, ఇరవై ఆరేళ్ళుగా ఆ భూతమే నాకు కూడు పెడుతోంది.

పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక మూడో అంతస్తులో మా ఆఫీసు. దేశంలో చిన్న పరిశ్రమలు ఏటా ఎంత పెరుగుతాయో, ఆ పెరుగుదలకి ఎంత కరెంటు కావాలో ముందుగా లెక్కగట్టి చెప్పడం మా పని. దేశమంతా తిరగలేం కాబట్టి మరమగ్గాలూ కుట్టుమిషన్లూ నడిచే పదకొండు ఊళ్ళని నమూనాగా పెట్టుకున్నాం. ఆ ఊళ్ళలో వచ్చే నెల ఎంత కరెంటు కాలుతుందో కుర్రవాళ్ళు అంచనా వేస్తారు. నెలాఖరున మీటర్ల రీడింగు వస్తుంది. రెండూ సరిచూసి సంతకం పెట్టేది నేను, అరుణాదేవిని.

మా డైరెక్టరు అచ్యుతరావు గారు పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. ఒకటో తారీఖున ఎవరి అంకె వాళ్ళు కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించాలి. అంటించిన చోట నేను అడ్డంగా సంతకం చేసి బీరువాలో పెట్టి తాళం వేస్తాను. రీడింగు వచ్చిన రోజు అందరి ముందూ కవర్లు చించుతాం. ఎవరి లెక్క ఎక్కువ తప్పితే వాళ్ళు ఆఫీసంతటికీ మిర్చిబజ్జీలు తెప్పించాలి.

భానుచందర్ చేరిన మొదటి నెల బజ్జీలు అతనే తెప్పించాడు. రెండో నెలా అతనే. మగ్గాల ఊరినుంచి వచ్చి, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకున్న అబ్బాయి. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి, మితభాషి. సొంత ఊరి అంకె సొంత ఊరివాడే బాగా చెబుతాడని ఆ ఊరు అతనికే అప్పగించారు. రెండో నెల లెక్క పద్దెనిమిది శాతం తప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "బజ్జీల బండివాడికి కూడా రేపటికి ఎంత పిండి కలపాలో తెలుస్తుందయ్యా, నీకు నీ ఊరి సంగతి తెలీదా?" అని అందరి ముందూ అనేశాను. అతను తల వంచుకుని విన్నాడు.

మూడో నెల నుంచి అతని లెక్క తప్పలేదు. ఒక నెల అరశాతం తేడా, ఒక నెల పావుశాతం. పెళ్ళిళ్ళ సీజనులో మిగతా అందరి అంకెలూ తలకిందులైనా, అతని అంకె మాత్రం వచ్చి మీటరు పక్కన కూర్చునేది. అలా వరుసగా పద్నాలుగు నెలలు. అచ్యుతరావు గారు అతన్ని భుజం తట్టడం మొదలుపెట్టారు. నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది.

అంచనా అన్నాక తప్పాలి. కొంచెం అటు, కొంచెం ఇటు. అసలు తప్పనిది అంచనా కాదు, దొంగతనం. ఇది నా అభిప్రాయం, ఎవరు కాదన్నా మార్చుకోను. ముందు కవర్ల మీద కన్నేశాను. ఎవరో బీరువా తీసి కాగితం మారుస్తున్నారనుకున్నాను. ఒక నెల అతని కవరుని ఎవరికీ చెప్పకుండా టిఫిను సంచిలో పెట్టుకుని మధురానగర్లో మా ఇంటికి తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచాను. నెలాఖరున నేనే తెచ్చి చించాను. పావుశాతం తేడా. బియ్యం డబ్బాలోకి వచ్చి ఎవరూ మార్చలేరు కదా, దాంతో నా అనుమానం పోవలసింది పోయి రెండింతలయింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు ముదిరిందంటే, దసరా వెళ్ళాక పెద్ద రిపోర్టు తయారైంది. సోమాజిగూడలో కూర్చునే కమిటీ ఒకటి దాన్ని చూసి, రాబోయే ఐదేళ్ళలో ఏ ఊరికి కొత్త కరెంటు లైను వేయాలో తేలుస్తుంది. భాను ఊరి సంగతి నలభై ఒకటో పేజీలో ఉంది. పద్నాలుగు నెలలుగా అక్కడ కరెంటు వాడకం పెరగలేదు, అంచనా ప్రకారం ఇక పెరగదు, కాబట్టి కొత్త లైను అక్కర్లేదు. అంతే, నాలుగు వాక్యాలు. దాని కింద సోమవారం నేను సంతకం పెట్టాలి. సంతకం పడితే భాను ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

శనివారం మధ్యాహ్నం భాను భోజనానికని బయల్దేరాడు. నేనూ బయల్దేరాను. నా వయసులో ఇలాంటి పని చేయడం సిగ్గుచేటే, ఒప్పుకుంటాను. అతను షేర్ ఆటో ఎక్కాడు, నేను వెనక ఆటో ఎక్కాను. అమీర్‌పేట మెట్రో స్తంభాల దగ్గర దిగి, కోచింగుల బోర్డుల కింద సందులోకి తిరిగి, ఒక చాయ్ కొట్టు ముందు ఆగాడు. అక్కడ నలభై ఏళ్ళ మనిషి ఒకాయన ఎదురుచూస్తున్నాడు. జేబులోంచి మడత కాగితం తీసి భాను చేతిలో పెట్టాడు.

అదుగో, దొరికాడు అనుకున్నాను. గబగబా వెళ్ళి ఆ కాగితం లాక్కున్నాను.

భాను బిత్తరపోయాడు గానీ పారిపోలేదు. "కూసోండ్రి మేడం. ఈయన మా బావ, నరేందర్. మా ఊరి సబ్‌స్టేషన్ల పని చేస్తుండు. బిడ్డ ఈడ హాస్టల్ల ఉంది, నెలకోపారి చూడనీకొస్తడు."

"ఈ కాగితం ఏంటి?"

కాగితంలో తారీఖులూ వాటి పక్కన గంటలూ ఉన్నాయి. ఒకటో తారీఖు పన్నెండు, రెండో తారీఖు పదకొండు, అలా నెలంతా.

"వచ్చే నెల మగ్గాల లైనుకు ఎన్ని గంటలు కరెంటిస్తరో గదుంది," అన్నాడు భాను. "గంటలు తెలిస్తే ఎంత కాలుతదో తెల్వదా మేడం? గుణించుడే."

నాకు వెంటనే ఎక్కలేదు. "రోజంతా ఇస్తున్నారుగా. మీ ఊళ్ళో కోతలు లేవని కాగితాల్లో ఉందిగా."

నరేందర్ నవ్వాడు. "కాగితంల ఉండదక్కా. పాత లైను అంత భారం మొయ్యది. అందుకని సగం దినం బంద్ పెట్టి, రిపేరు అని రాస్తం. పై ఆఫీసరోళ్ళు ఫోన్ల చెప్తరు, మేం చేస్తం. పోరగాడు పట్నంల నౌకరి పోతదని ఫికర్ చేస్తుంటే నేనే రాసిస్తున్న. తప్పా?"

నేను స్టూలు మీద కూలబడ్డాను. చాయ్ ఎవరు తెచ్చారో, ఎప్పుడు తాగానో గుర్తులేదు. మేము ఏడాది పైగా ఆ ఊరికి ఎంత కరెంటు కావాలో చెప్పలేదు. ఎంత ఇస్తారో చెప్పాం. ఇచ్చిందే మీటరు మీద పడింది, పడిందే అవసరం అని నేను సంతకం పెట్టాను. సగం అన్నమే వడ్డించి, ఈ పిల్లాడికి ఇంతే ఆకలి అని రాసుకున్నట్టయింది.

"నలభై ఒకటో పేజీ చదివావా?" అని భానుని అడిగాను.

"లేదు మేడం. నేను అంకెలే ఇచ్చిన. కింద రాసేది సార్ గద."

నా ఫోన్లో ఆ పేజీ తీసి చూపించాను. అతను ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మా అమ్మకు ఆరు మగ్గాలు మేడం," అన్నాడు చివరికి. "నేను పోయి ఐదు నెలలాయె. దసరకు సుత పోలే, ఈ రిపోర్టు మీదనే ఉన్న. కొత్త లైను వస్తదని ఊరంత ఎదురుచూస్తున్నరు. మీరు సంతకం పెట్టకుర్రి."

"నీ ఉద్యోగం?"

"నౌకరి ఇంకోటి చూసుకుంట."

దొంగని పట్టుకుందామని వెళ్ళిన నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకె తప్పితే అందరి ముందూ పరువు తీస్తానని ఆ పిల్లవాడికి నేర్పిందెవరు? నేనే. నిజం చెప్పడం కంటే తప్పకుండా ఉండడం ముఖ్యమని అతనికి అర్థమయ్యేలా చేసింది నా నోరే. ఆ మాట అక్కడే పైకి అన్నాను. అతను "గట్లేం లేదు మేడం" అన్నాడు మర్యాదకి.

సోమవారం అచ్యుతరావు గారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని కుర్చీలో వెనక్కి వాలారు.

"అంచనా తప్పిందని వచ్చేవాళ్ళని చూశాను అరుణాదేవి గారూ. తప్పలేదని ఫిర్యాదు చేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను."

"కోత కోసి లెక్క సరిపెట్టారండీ."

"ఎవరో సబ్‌స్టేషన్ మనిషి చాయ్ కొట్లో ఇచ్చిన చీటీ రుజువా? పద్నాలుగు నెలల మీటరు రీడింగు రుజువా? మీ ఆరోగ్యం బాగోలేదేమో, ఇంటికెళ్ళి రెండు రోజులు పడుకోండి. సంతకం నేను పెట్టుకుంటాను."

ఆయన పెట్టుకుంటారని నాకు ముందే అనుమానం. అందుకే నేను ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా సోమాజిగూడ వెళ్ళి కమిటీ పెద్ద రాఘవయ్య గారి గది ముందు రెండు గంటలు కూర్చున్నాను. ఆయన లోపలికి పిలిచి, చెప్పిందంతా విని, మా నెలవారీ కాగితాలు తెప్పించి ముందు పరిచారు.

"ఈ పద్నాలుగు సంతకాలూ మీవేనామ్మా?"

"నావేనండీ."

"పద్నాలుగు సార్లు నమ్మమన్నారు. ఇవాళ నమ్మొద్దంటున్నారు. నేను ఏ అరుణాదేవి గారిని నమ్మాలి?"

జీవితమంతా ఎదుటివాళ్ళని నేను అడిగిన ప్రశ్న అది. నన్ను అడిగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. 

"ఎవర్నీ నమ్మొద్దండీ," అన్నాను. "చేలకి నీళ్ళ అవసరం తగ్గింది, మోటార్లు ఆగాయి. ఒక్క నెల ఆ కరెంటు ఇటు మళ్ళించి మగ్గాల లైనుకి ఇరవై నాలుగు గంటలూ ఇప్పించండి. నిజంగా అవసరం ఉంటే మీటరు రెండింతలు తిరుగుతుంది. తిరక్కపోతే నలభై ఒకటో పేజీ కింద నేనే సంతకం పెడతాను."

ఆయన చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అంతవరకూ రిపోర్టు ఆపుతానన్నారు.

ఆ నెల మేమిద్దరం ఎలా గడిపామో మాకే తెలుసు. భాను రోజూ పొద్దున్నే బావకి ఫోన్ చేసి "పోలే గద" అని అడిగేవాడు. పోలేదు. ఒక్క గంట కూడా పోలేదు. మూడో వారం వచ్చేసరికి నేను కూడా ధైర్యం తెచ్చుకుని, కొత్త లైను వచ్చాక ఆ ఊరి లెక్క ఎంత పెరగవచ్చో కాగితం మీద వేసి చూసుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను అనుమానించకుండా వేసిన లెక్క అదొక్కటే.

నెలాఖరున రీడింగు వచ్చింది. వాడకం తొమ్మిది శాతం పెరిగింది. రెండింతలు కాదు, సగం కూడా కాదు. తొమ్మిది.

అచ్యుతరావు గారు ఆ కాగితం పట్టుకుని మా బల్లల దగ్గరికే వచ్చారు. కోపంగా లేరు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. "చూశారుగా అరుణాదేవి గారూ, మన అంచనా తప్పలేదు. ఇరవై నాలుగు గంటలు ఇచ్చినా ఆ ఊళ్ళో వాడుకునేవాళ్ళు లేరు. రాఘవయ్య గారు కూడా అదే అన్నారు. మీరు మాట ఇచ్చారట." నలభై ఒకటో పేజీ నా ముందు పెట్టి, పక్కన పెన్ను పెట్టి వెళ్ళారు.

మీటరు అబద్ధం చెబుతోందనుకున్నాను. నరేందర్ అబద్ధం చెప్పాడేమో అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఒక క్షణం భాను మీద కూడా మళ్ళీ అనుమానం వచ్చింది. అతను మాత్రం వాళ్ళ అమ్మ లచ్చవ్వకి ఫోన్ కలిపి, నాకు వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

"అమ్మా, గీ నెలంత కరెంటు పోలేదు గద?"

"పోలే బిడ్డా. ఒక్కపారి సుత పోలే. మస్తుగున్నది."

"మరి మగ్గాలు నడుపుతలేరా?"

"నడుస్తున్నయి గద. మూడూ రాత్రింబగళ్ళు నడుస్తున్నయి."

"మూడేంది? మనయి ఆరు గద."

ఫోన్లోంచి మగ్గం చప్పుడు వినపడుతోంది. 

"మూడు అమ్మేస్తిమి బిడ్డా, దసర ఎల్లినంక. పాత ఇనుము కొనెటోడొచ్చి కిలోల లెక్కన తూచుకపోయిండు. సగం దినం కరెంటుతోని ఆరు మగ్గాలెట్ల సాగుతయి? మనమొక్కలమే కాదు, వాడకట్టంత అమ్మిండ్రు. పనోళ్ళు భీవండి మగ్గాలకు పోయిండ్రు."

భాను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. "నాకు ఒక్క మాట చెప్పకపోతివి అమ్మా."

"నీకు చెప్పుడేంది బిడ్డా," అంది లచ్చవ్వ. "మన ఊరి కరెంటు లెక్కలన్నీ నువ్వే రాస్తవంటివి గద. నీకు తెలిసే ఉంటదనుకున్న."