గేటు మీద అరచేతులు

ఆదివారం పొద్దున కాన్పుల వార్డు పెద్ద సిస్టరు ఇంట్లో స్టవ్ ముందు కదలకుండా నిలబడి కాఫీ కాస్తుండగా ఎడమ చీలమండ కలుక్కుమంది. అమ్మా అని గరిట వదిలేసి, ఒంటికాలి మీద గెంతుతూ వచ్చి కుర్చీలో కూలబడింది. పేపరు చదువుకుంటున్న మొగుడు తల ఎత్తకుండానే, "ఈవేళ ఎవరిదో?" అన్నాడు.

"చూస్తే గాని తెలీదు. ఫోన్ ఇలా పడెయ్యి."

రెండు మూడు ఫోన్లు తిరిగాక ఆ కాలు ఎవరిదో తేలింది. బస్ డిపో మేనేజరమ్మది.

"నాదే అక్కా. మెట్టు చూసుకోలేదు. నీకూ తగిలిందా?"

"తగలకుండా ఎక్కడికి పోతుంది? ఐసు పెట్టుకుని కూర్చో. నువ్వు బడాయికి పోయి తిరిగావంటే ఇక్కడ నా కాలు వాస్తుంది."

తర్వాత మిగిలినవాళ్ళందరికీ వరసగా ఫోన్ చేసి, ఫలానా ఆవిడ కాలు, కంగారు పడకండి అని చెప్పింది. ఆ పని ఎప్పుడూ ఆవిడదే.

వాళ్ళందరూ ఒకప్పుడు ఏడాది పాటు నాయకత్వ శిక్షణలో కలిసి చదువుకున్నవాళ్ళు. తలో ఊరు, తలో ఉద్యోగం. ఆఖరి రోజున ఫోటో కోసం చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే, ఫోటోగ్రాఫరు కెమెరా బాగు చేసుకుంటూ చాలాసేపు అలాగే నిలబెట్టేశాడు. అప్పటినుంచి ఒకరి ఒంటికి తగిలింది అందరి ఒంటికీ తలో కాస్త వస్తుంది. ఫైర్ స్టేషన్ ఆఫీసరు మణికట్టు కాలితే లైబ్రరీ అమ్మాయి తన మణికట్టుకి మందు రాసుకునేది. ఇళ్ళల్లోవాళ్ళకి కూడా అలవాటైపోయింది. మిగతా బ్యాచ్‌ల గ్రూపులు నాలుగు నెలలు పువ్వుల బొమ్మలు పంపుకుని చప్పబడిపోతే, వీళ్ళది మాత్రం తెగలేదు. పక్కవాడికి నలతగా ఉంటే తనకి నిద్ర పట్టదు కనక, ఎవరి పని ఎవరు చేసిపెట్టాలన్నా వెంటనే చేసిపెట్టేవారు.

ఊళ్ళల్లో అంబులెన్సు అందనివాళ్ళని దగ్గర్లో ఉన్న బస్సే ఎక్కించుకుని ఆసుపత్రికి తెచ్చే ఏర్పాటు కూడా అలా పుట్టిందే. డిపో మేనేజరమ్మ బస్సులిచ్చింది. ఫైర్ ఆఫీసరు దారి చూపించాడు. పెద్ద సిస్టరు తన కాన్పుల వార్డుకి ఆనుకుని ఉన్న పక్క గేటు పగలూ రాత్రీ తెరిపించి ఉంచింది.

ఆ ఆసుపత్రి అధికారి కూడా ఆ బ్యాచ్ వాడే. ఆయన్ని అందరూ చిరునవ్వాయన అనేవారు. ముఖం మీద నవ్వు ఇస్త్రీ చేసి అతికించినట్టుండేది. అడిగినవాళ్ళకి లేదనకుండా పనులు చేసిపెట్టేవాడు. చేసినట్టు అందరికీ తెలిసేలా కూడా చూసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పైనుంచి తనిఖీకి పెద్దలొస్తున్నారని, పక్క గేటు దగ్గర జనం గుంపుగా కనిపించకూడదని, ఆయన గేటుకి తాళం వేయించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అప్పుడే నెప్పులొస్తున్న పిల్లతో బస్సొచ్చింది. పెద్ద సిస్టరు లోపల, ఆ పిల్ల బయట. సిస్టరు రెండు చేతులా గేటు ఊచలు పట్టుకుని ఊపేసింది, అరిచింది, ఎండకి కాగిన ఇనుము చేతుల్ని కాలుస్తున్నా వదల్లేదు. ఎక్కడెక్కడో ఉన్న బ్యాచ్ వాళ్ళందరి అరచేతులూ మండాయి. తనిఖీ పెద్దల పక్కన నడుస్తున్న చిరునవ్వాయనవీ మండాయి. ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

బస్సు చుట్టూ తిరిగి ముందు గేటుకి వచ్చేసరికి కడుపులో బిడ్డ పోయింది.

విచారణలో ఆయన, "సిస్టరు గారు ఈమధ్య బాగా అలిసిపోయి ఉన్నారు పాపం. తాళం ఆవిడే వేయించారు. మరిచిపోయినట్టున్నారు" అన్నాడు ఎంతో జాలిగా. తమ చేతులు మండాయని ఇద్దరు ముగ్గురు వెళ్ళి చెప్పారు. "చేతులు మండాయంటే ఆవిడ గేటు పట్టుకున్నట్టే, కాదనం. తాళం ఎవరు వేయించారో చేతులకెలా తెలుస్తుంది?" అని పంపించేశారు. పెద్ద సిస్టర్ని వార్డు నుంచి తీసి దుప్పట్ల గదిలో వేశారు. బ్యాచ్‌లో కొందరు ఆయన మాటే నమ్మారు. కొందరు మనకెందుకని ఊరుకున్నారు.

దుప్పట్లు మడతపెడుతూ ఆవిడ పళ్ళు కొరుక్కునేది. పెద్ద సభలో ఆయన ప్రసంగం ఉన్న రోజున లోటాడు నీళ్ళల్లో గుప్పెడు కారం కలిపి, ముక్కూ కళ్ళూ కారుతున్నా, గటగటా తాగేసింది.

ఆ సాయంత్రం ఫైర్ ఆఫీసరు సరాసరి దుప్పట్ల గదికే వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నిచ్చెన మీద ఉండగా గొంతు భగ్గుమంది. చెయ్యి జారింది. కింద మావాళ్ళు పట్టుకోబట్టి బతికాను. నువ్వేనా?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నేనే తమ్ముడూ. వాడి నోరు పడిపోవాలని తాగాను."

"పడిపోయిందా?"

"రెండుసార్లు దగ్గి, మంచినీళ్ళు తాగి, గంట మాట్లాడాడట."

అతను దుప్పట్ల కట్ట మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వులోంచే ఏడుపొచ్చింది. అది తగ్గేదాకా ఆగి అతను అన్నాడు: "నువ్వొక్కదానివే తాగితే మా అందరికీ తలో చుక్కా వచ్చింది. అదే మనమందరం కలిసి ఒకే పని చేశామనుకో, మిగిలేది వాడొక్కడే. మొత్తం వాడికే పోతుంది కదా?"

పెద్ద సిస్టరు చేతిలో దుప్పటి కింద పెట్టేసింది.

ఆరోజు నుంచి సెలవు దొరికితే చాలు బస్సెక్కేది. ఊరూరూ తిరిగి బ్యాచ్ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళింది, వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది, వాళ్ళ పిల్లల జ్వరాలు చూసింది, ఆ తర్వాతే అసలు సంగతి ఎత్తింది. డిపో మేనేజరమ్మని ఒప్పించక్కర్లేకపోయింది. "ఆ పిల్లని తెచ్చింది నా బస్సే అక్కా. ఆ డ్రైవరు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు" అంది. నీళ్ళ సరఫరా ఇంజినీరు గారు మాత్రం మొహమాటపడుతూ, నేల చూపులు చూస్తూ, భార్య కళ్ళెర్రజేశాక ఒప్పుకున్నాడు.

మొండికేసింది లైబ్రరీ అమ్మాయి ఒక్కతే.

"మా నాన్నకి ఆపరేషన్ చేయించింది ఆయనే అక్కా. అన్నలా నిలబడ్డాడు. నేను చెయ్యను."

"చెయ్యకు. నిన్ను అడగడానికి రాలేదు. ఒక్క మాట చెప్పు. ఆరోజు నీ చేతులు మండాయా?"

"మండాయి. బొబ్బలెక్కాయి."

"ఆయన చేతులు కూడా మండాయి. జేబులో తాళంచెవి ఉంది. చేతులూ అక్కడే ఉన్నాయి. ఆయన తియ్యలేదు."

ఆవిడ వెళ్ళొస్తానని చెప్పులేసుకుంటుంటే, ఆ అమ్మాయి వెనకనుంచి అడిగింది: "ఏ టైముకి?"

అన్ని బ్యాచ్‌లూ కలిపి ఒక సమాఖ్య పెట్టి, దానికి చిరునవ్వాయన్ని అధ్యక్షుణ్ణి చేస్తున్నారు. ఆ కుర్చీ దక్కితే ప్రాంతం మొత్తం ఆసుపత్రులు ఆయన చేతికిందికే వస్తాయని చెప్పుకుంటున్నారు. అందరం ఒక్కటిగా ఎలా నిలబడాలి అన్న విషయం మీద ఆయన మాట్లాడతాడని పిలుపుల్లో ఉంది. హాలు కిటకిటలాడింది. పెద్ద సిస్టరు ముందు వరసల్లోకి పోకుండా వెనక తలుపు దగ్గర నిలబడింది. ఆ తలుపుకి ఇనుప ఊచల గేటుంది.

చప్పట్ల మధ్య ఆయన లేచి మైకు దగ్గరికొచ్చాడు. "మిత్రులారా" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చేతులు వెనక్కి పెట్టి ఊచలు పట్టుకుంది. ఆ క్షణాన డిపో ముందు, ఫైర్ స్టేషన్ ముందు, నీళ్ళ ట్యాంకు కాంపౌండు దగ్గర, లైబ్రరీ వాకిట్లో, ఎవరికి దొరికిన గేటు వాళ్ళు మూసి, గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

చిరునవ్వాయన రెండు చేతులూ ముందుకి లేచి గాలిని పట్టుకున్నాయి. వేళ్ళు బిగుసుకున్నాయి. వదిలించుకుందామని లాగాడు. రాలేదు. నెట్టాడు. కదల్లేదు. మైకు కింద పడింది. ముందు వరసలో ఎవరో, "పాపం, బ్యాచ్‌లో ఎవరికో ఏదో అయినట్టుంది" అన్నారు, మామూలుగానే. ఆయన ముఖం మీంచి నవ్వు ఊడిపోయింది. దాని కింద ఉన్న ముఖాన్ని ఎవరూ ఎప్పుడూ చూసి ఉండలేదు.

"తియ్యండి" అన్నాడు. "ఎవరైనా తియ్యండి. చేతులు కాలిపోతున్నాయి. గేటు తియ్యండి!"

పెద్ద సిస్టరు పట్టు ఇంకా బిగించింది. నెప్పి భుజాల దాకా పాకింది. వదల్లేదు.

ఆయన వేదిక మీద మోకాళ్ళ మీద పడ్డాడు. చేతులు మాత్రం పైనే ఉన్నాయి. "తాళంచెవి నా దగ్గరే ఉంది" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "తాళం నేనే వేయించాను. ఆవిడ కాదు. లోపల్నించి ఆవిడ ఊపుతూనే ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. నేనే తియ్యలేదు."

అప్పుడు వదిలింది ఆవిడ. వెంటనే కాదు. ఆయన చెప్పినదాన్ని ఇంకోసారి చెప్పేదాకా ఆగి.

అధ్యక్షుడి కుర్చీ వేరేవాళ్ళకి పోయింది. విచారణ మళ్ళీ తెరిచారు. ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసి కేసు పెట్టారు. పెద్ద సిస్టరు దుప్పట్ల గది తాళాలు అప్పగించేసి మళ్ళీ కాన్పుల వార్డుకి వచ్చింది.

వచ్చిన మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం, కాన్పు బల్ల పక్కన నిలబడి ఉండగా ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారడం మొదలైంది. గుండెలో బరువేం లేదు. ఆకలి కూడా బాగానే వేస్తోంది. అయినా కళ్ళు ఆగడం లేదు. గోడ దగ్గర పెట్టిన ఫోన్ మోగితే, ఆయా ఎత్తి చెవి దగ్గర పెట్టింది. లైబ్రరీ అమ్మాయి.

"అక్కా, మా అందరికీ ఏడుపొస్తోంది. ఇంజినీరు గారు మీటింగులో ఏడుస్తున్నారట. ఎవరిదో కనుక్కోవా?"

"కనుక్కోవడం దేనికి? నాకు తెలుసు ఎవరిదో."

"మరి ఫోన్ చెయ్యవా?"

"చెయ్యను. మీరూ చెయ్యకండి. ఏడవనివ్వండి."

ఫోన్ తీసెయ్యమని ఆయాకి సైగ చేసింది. బల్ల మీద ఉన్న పిల్ల, అంత నెప్పిలోనూ భయంగా ఆవిడ ముఖంలోకి చూసింది.

"ఏమైంది సిస్టర్? ఎందుకేడుస్తున్నారు? నా బిడ్డకేమైనా..."

"నీ బిడ్డ నిక్షేపంలా ఉంది. నేను ఏడవడం లేదమ్మా, ఏడవాల్సినవాళ్ళు ఏడుస్తున్నారు" అంది పెద్ద సిస్టరు, భుజంతో చెంప తుడుచుకుంటూ. "నువ్వు అవేం పట్టించుకోకు. గట్టిగా ఊపిరి పట్టి ముక్కు తల్లీ, తల కనబడుతోంది."