పిల్లలతో పోయే చీటీ

అక్టోబరులో లెక్క చూసుకుంటే మండీ వ్యాపారి నాగసుబ్బయ్య చేతిలో ఉన్నవి రెండు: పత్తికొండ టమాటా మార్కెట్టు వెనక ఒక ఖాళీ గోదాము, అందులో సాయంత్రాలు చదువుకునే పంతొమ్మిది మంది పిల్లలు. గోదాము ఆయనది. చదువు చెప్పించేది కడపకు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ. పిల్లలు, ఏటా గుంటూరు మిరప చేలకు వలసపోయే కూలీల బిడ్డలు.

వాళ్లలో ప్రణీత ఒకతె. తండ్రి గురప్ప ఊళ్లో ఉన్నన్నాళ్లు మండీలో హమాలీ. కిందటిసారి వలస పోయేముందు మాటలు కూడబలుక్కుని చదివిన పిల్ల, ఉగాదికి తిరిగొచ్చి పుస్తకం ముందు దిక్కులు చూసింది.

"ఈసారి గూడా ఇట్లే వస్తే బడి మానిపిస్తా శెట్టీ" అన్నాడు గురప్ప. "పదేండ్లు నిండుతాండాయి. కోతలో పెడితే అరకూలీ అన్నా వస్తాది."

"చేలకాడ గూడా గుడారం బడి ఉండాది కదప్పా?"

"ఉండాది. రోజూ పోయింది పాపం."

రెండు చోట్లా చదివిన పిల్ల ఉన్నది పోగొట్టుకోవడం నాగసుబ్బయ్యకు మింగుడుపడలేదు. ప్రణీతనే పిలిచి అడిగాడు.

"ఆడ ఏం చెప్పినారు పాపా?"

"అ, ఆ."

"మూడు నెలలూనా?"

"కొత్తోళ్లు వచ్చినప్పుడల్లా మల్లా అ, ఆ. విసుగొచ్చి బయట కూచునేదాన్ని."

మరుసటి వారం ఆయన ఇద్దరిని మండీకి పిలిపించాడు. గోదాములో చదువు చెప్పే సుచరిత ఒకరు. మిరప చేలలో గుడారం బడి నడిపే ఆలూరు సంస్థ మనిషి మునీంద్ర ఇంకొకరు. ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు. ప్రణీత పేరు మాత్రం ఇద్దరి రిజిస్టర్లలోనూ ఉంది.

"లారీ పోతే దాంతో చీటీ పోతాది" అన్నాడు నాగసుబ్బయ్య. "రైతు ఎవరు, ఎన్ని బాక్సులు, ఏ రకం, అన్నీ ఉంటాయి. మీరు బిడ్డల్ని ఉత్త చేతులతో పంపిస్తాండారు. అవతలోళ్లకు ఏం తెలుస్తాది?"

మునీంద్ర నవ్వాడు. "బిడ్డలు టమాటాలా శెట్టీ?"

"టమాటాలకుండే మర్యాద గూడా బిడ్డలకు లేకపాయె అంటాండా."

నవ్వు ఆగిపోయింది. సుచరిత మెల్లగా అడిగింది. "మేము యాడిదాకా చెప్పినామో రాసిస్తే, ఆన్నుంచి చెప్తారా అన్నా?"

"చెప్తాం. వచ్చేటప్పుడు మేమూ రాసిస్తాం."

"ఆధార్ కార్డులు పెట్టుకునే కవర్లో పెట్టించండి" అన్నాడు నాగసుబ్బయ్య. "ఇల్లు వదిలినా ఆ కవరు వదలరు."

జనవరిలో పంతొమ్మిది చీటీలు పోయాయి.

ఉగాది దాటిన నాలుగో రోజు గురప్ప కూతుర్ని, కవర్లో మునీంద్ర తిరిగి రాసిచ్చిన చీటీని గోదాముకు తెచ్చాడు. సుచరిత చీటీ చూసి, ప్రణీతకు అంతవరకూ ఎన్నడూ చూపని కథ ఒకటి తెరిచి పెట్టింది. ప్రణీత అక్షరాల కింద వేలు జరుపుతూ, ఒత్తుల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ పదకొండు వరుసలు చదివింది. చదువురాని గురప్ప పుస్తకాన్ని కాదు, బిడ్డ పెదవులను చూస్తూ నిలబడ్డాడు.

"అందులో ఉండేదే చదువుతాండాదా?"

"అక్షరం పోకుండా చదివిందన్నా" అంది సుచరిత.

గురప్ప భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే బడికే పోనీలే."

నాగసుబ్బయ్య అక్కడే కూర్చుని లెక్క కట్టాడు. పోయినవాళ్లు పంతొమ్మిది మంది. వచ్చినవాళ్లు పదహారు మంది. ముగ్గురి కుటుంబాలు అటునుంచి అటే ఇటుక బట్టీలకు పోయాయి. ఏ ఊరో మునీంద్రకూ తెలియదు. వచ్చినవాళ్లలో ఏడుగురు చదువులో ఉన్నచోటే నిలిచారు, వెనక్కి పోలేదు. ముందుకు జరిగినవాళ్లు తొమ్మిది మంది. తిరిగిరాని ముగ్గురినీ పక్కన పెట్టడానికి ఆయనకు మనసు రాలేదు. అయినా లెక్క లెక్కే. ఈ ఏటికి లాభంగా మిగిలింది తొమ్మిది. అందులో ప్రణీత ఒకతె.