కనబడని కార్డు

మలేషియాలోని క్లాంగ్‌లో, ఆ యూనిఫారాల ఫ్యాక్టరీలో కూర్మమ్మ తప్పు చెయ్యదు. ఈ మాట చెప్పేది కూర్మమ్మే, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా. ఇరవై ఎనిమిదేళ్ళుగా మేడమీది నమూనాల గది ఆవిడది. బడిపిల్లల నిక్కర్లకీ గౌన్లకీ ఏ సైజుకి ఏ కొలతో, అన్నీ ఆ గదిలోని పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్‌లో ఆవిడ గీసి దాచినవే. ఆ మిషను మీద ఇంకొకళ్ళు చెయ్యి వేస్తే ఆవిడకి ఒళ్ళు మంట.

ఇప్పుడు కింద కొత్త కోత మిషను దిగింది. బట్ట అదే కోసేస్తుంది గానీ, నమూనాలు మాత్రం నెట్‌వర్క్ మీంచి అందాలి. సరిగ్గా అదను చూసుకుని వర్క్‌స్టేషన్‌లో నెట్‌వర్క్ కార్డు చచ్చి ఊరుకుంది. తౌకే అంటే అక్కడ చైనా యజమాని. చిన్న తౌకే, అంటే ఫ్యాక్టరీ పెట్టిన పెద్ద తౌకే కొడుకు, శుక్రవారం మూడు గంటల దాకా గడువిచ్చాడు. ఆలోగా రెండు మిషన్లూ మాట్లాడుకుంటే సరే. లేదంటే వర్క్‌స్టేషన్ పాత ఇనుముకి, నమూనాల పని బయటి కంపెనీకి, కూర్మమ్మ కింద ప్యాకింగులోకి. యాభై ఏడేళ్ళొచ్చాక రోజంతా చొక్కాలు మడతపెట్టి కవర్లలో దూర్చాలన్నమాట. ఆ మాట విన్నప్పట్నించీ ఆవిడకి ముద్ద దిగలేదు.

పాత యూనిక్సు తెలిసినవాడు కావాలంటే ఎక్కడో ఉత్తరాన ఉన్న సుంగై పెటాని ఊరి నుంచి వినోద్‌కుమార్ రావలసి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, అంతసేపూ తమిళంలోనే మాట్లాడాడు. ఇంతలో వాళ్ళమ్మ ఫోను చేస్తే "వచ్చేసినానమ్మా" అన్నాడు. ఇంకేముంది, తెలుగువాడేనని కూర్మమ్మ పట్టేసుకుంది. ఆంటీ గీంటీ కుదరదు, అత్తా అని పిలవమంది. పదింటికే వచ్చినవాణ్ణి, శుక్రవారం పదిన్నరకి రాహుకాలమంటూ పన్నెండు దాకా టీలు తాగిస్తూ కూచోబెట్టింది.

మూలనున్న పాత మిషన్లోంచి ఒక కార్డు పీకి, వర్క్‌స్టేషన్ వెనకాల ఖాళీగా ఉన్న స్లాటులో బిగించాడు వినోద్. పైన అంటించిన చీటీ మీద 5 అని ఉంది. ఇక కార్డుని నడిపే సాఫ్ట్‌వేరు, డ్రైవరు, పెట్టాలి. ఈ కాలపు కంప్యూటరైతే కార్డుని తనే వెతుక్కుంటుంది. ఈ ముసలి యూనిక్సు అలా కాదు, కార్డు ఏ స్లాటులో ఉందో మనమే అంకె చెప్పాలి. చెప్పాక తన గుండెకాయలాంటి కెర్నల్‌ని మళ్ళీ కట్టుకుని, ఆగి లేస్తుంది. అరగంట తంతు.

వినోద్ 5 కొట్టాడు. అరగంటయ్యాక, అయిదో స్లాటులో కార్డు కనబడలేదంది తెర.

డ్రైవరు తీసి మళ్ళీ పెట్టాడు. కనబడలేదు. కార్డు అంచులు రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. కనబడలేదు. ఇంటరప్టు అనే ఇంకో సెట్టింగు మార్చాడు. ఊహూ. ప్రతిసారీ కూర్మమ్మ వాడి నెత్తిన నాలుగు అక్షింతలు వేస్తూనే ఉంది. ఇంజినీరు చదువులు చదివి ఒక అట్టముక్క బిగించడం రాదా అంది. తనైతే ఇన్నేళ్ళలో పోగు మందం తేడా రానివ్వలేదంది. వినోద్ తిండి కూడా మానేసి, సరే అత్తా, సరే అత్తా అంటూ కొడుతూనే ఉన్నాడు.

రెండుంపావుకి ప్యాకింగు చూసుకునే శాంతాదేవి పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పలేక చెప్పలేక చెప్పింది. చిన్న తౌకే కూర్మమ్మకి ప్యాకింగులో కుర్చీ వేయించమన్నాడట. 3A బల్ల దగ్గర వేశారట.

కూర్మమ్మ గుండె జారిపోయింది. కుర్చీ మాటకి ఒకసారి, ఆ బల్ల నంబరుకి ఇంకోసారి.

చైనావాళ్ళలో చాలామందికి నాలుగంటే అశుభం, పెద్ద తౌకేకి మరీను. అందుకే ఆ ఫ్యాక్టరీలో బల్లలకైనా తలుపులకైనా మూడు తరవాత 3A, ఆ తరవాత అయిదు. వర్క్‌స్టేషన్ వచ్చిన రోజున దాని వెనక స్లాట్లకి కూడా అలాగే నంబర్లు అంటించమన్నాడాయన, కూర్మమ్మతోనే. వేలిగోరంత కూడా లేని చీటీలో 3A ఇమడలేదు. ఎవరు చూడొచ్చార్లే అని మూడు పక్కనున్న స్లాటుకి ఏకంగా 5 రాసి పడేసింది.

ఆవిడ మిషను వెనక్కి వెళ్ళి వేలు పెట్టి లెక్కపెట్టింది. కార్డు ఉన్నది నాలుగో స్లాటులో.

గోరు ఆ చీటీ అంచు కిందికి దానంతటదే వెళ్ళింది. పీకేసి, నాలుగు కొట్టి చూడు అంటే సరిపోయె, ఎవడికి తెలుస్తుంది? కానీ మిషను పక్కనించి వినోద్ మొహం కనబడింది. కళ్ళు ఎర్రబడి, పొద్దుటి టీలు తప్ప కడుపులో ఏమీ లేక, అన్ని చివాట్లూ తిని ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆవిడకి చచ్చేంత సిగ్గేసింది.

"బాబూ, నాలుగు కొట్టు," అంది. "నీ తప్పేటీ లేదు. ఆ అంకెలు అంటించింది నేను. నేనే తప్పు సేసినాను."

వినోద్ వెనక్కొచ్చి చీటీలు చూసి, పగలబడి నవ్వాడు. కూర్చుని నాలుగు కొట్టాడు. మూడుకి పది నిమిషాలుందనగా కార్డు పలికింది.

మూడింటికి చిన్న తౌకే వచ్చి, ఇంత చిన్న పనికి ఇంతసేపా అని వినోద్‌ని మలయ్‌లో అడుగుతుంటే, కూర్మమ్మ అడ్డం పడి జరిగిందంతా చెప్పేసింది. ఆయన వంగి, వెలిసిపోయిన ఆ చీటీలకేసి చూశాడు. తిడతాడనుకుంది.

"అయితే ఇప్పుడది నాలుగులో ఉందా?" అని అడిగాడాయన, గొంతు తగ్గించి.

ఉందన్నారు. పక్క స్లాటులోకి మార్చమన్నాడు. మారిస్తే మళ్ళీ అంతా మొదటికొస్తుంది, గడువు దాటిపోతుందన్నాడు వినోద్. దాటనీ, నాలుగింటికల్లా చెయ్యండి అనబోయి, నాలిక్కరుచుకుని, అయిదింటికి వస్తానని వెళ్ళిపోయాడు చిన్న తౌకే. కూర్మమ్మ నవ్వలేదు. పన్నెండు దాకా పని మొదలెట్టనివ్వని మనిషి ఏ మొహంతో నవ్వుతుంది?

వినోద్ కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు కూకో అత్తా," అన్నాడు తడబడే తెలుగులో. "నువ్వే చెయ్యి, నేను పక్కనుండి చూస్తాను."

కార్డు ఆవిడే మార్చింది. సన్న పెన్నుతో చీటీలన్నీ కొత్తగా రాసింది, 3A తో సహా. స్లాటు అంకె అడిగినప్పుడు ఆవిడే కొట్టింది. కెర్నల్ కట్టుకుంటున్న అరగంటా వినోద్‌కి తన కేరియరు విప్పి చారన్నం తినిపించింది.

అయిదింటికి చిన్న తౌకే వచ్చేసరికి కింద కోత మిషను మూడో తరగతి నిక్కర్లు కోస్తోంది. పొరపాటు లేకుండా, వరసగా. ఆయన సంతోషించి, మళ్ళీ ఎప్పుడైనా పాడైతే పిలుస్తానని వినోద్‌ని ఫోను నంబరు అడిగాడు.

వినోద్ తల అడ్డంగా ఊపాడు. "నేనెందుకు సార్? ఇవాళ ఇది చేసింది ఈవిడే. నేను పక్కన కూర్చుని అన్నం తిన్నాను."

చిన్న తౌకే ఆవిడకేసి తిరిగి, మళ్ళీ చెయ్యగలరా అని అడిగాడు. చెయ్యగలనంది కూర్మమ్మ, తప్పులు కూడా చేస్తాను గానీ దిద్దుకుంటానంది. అలాగైతే ఆఫీసులో మూలపడ్డ ఇంకో పాత మిషను కూడా సోమవారం చూడమన్నాడాయన. ఆవిడకి ఏడుపొచ్చింది, ఇద్దరి ముందూ ఏడ్చేసింది.