చిరిగిన సంచికి సగం ధర

మా పిన్ని దవడ విరగ్గొట్టింది నేనే. తేనె సీసాతో. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరో చెబితే విని నోరు వెళ్ళబెట్టనక్కర్లేదు.

నేను మాంసం కొట్టులో పనిచేస్తాను. పొద్దున పది నుంచి ఎముకలు నరకడమే పని. నా కుడిచేతి బలం ఎంతో మా వీధి కుక్కలకి కూడా తెలుసు. అలాంటిదాన్ని ప్రతి బుధవారం ఎనిమిదింటికల్లా ఆర్గానిక్ దుకాణం తలుపు ముందు బుద్ధిగా నిలబడతానంటే, అది నా కూతురి కోసం. ఏడేళ్ళ పిల్లకి గోధుమ పడదు. చిటికెడు లోపలికి పోయినా పెదవులు ఉబ్బి, గొంతు పూడుకుపోయి, ఊపిరి అందదు. దానికి పడే పిండి ఈ ఒక్క దుకాణంలోనే దొరుకుతుంది. మామూలు రోజుల్లో దాని ధర చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. వారం వారం తగ్గింపులు మొదలయ్యేది బుధవారమే.

ఈ విద్య నేర్పింది పిన్ని, మా అమ్మకి స్వయానా చెల్లెలు. తగ్గింపు కాగితాలు కత్తిరించి పర్సు నిండా కుక్కుకుంటుందని అందరూ కత్తెర పిన్ని అంటారు. నా కూతురికి కత్తెరమ్మమ్మ. పిసినారితనంలో ఆమెకి ఆమే సాటి. వాడిన టీ పొడి ఎండబెట్టి మళ్ళీ మరిగిస్తుంది. మంగళవారం సాయంత్రమే వెళ్ళి, కావలసిన సంచి మూల కొంచెం చీల్చి, ఎవరి కన్నూ పడని చోట దాచాలని చెప్పింది ఆవిడే. చిరిగిన సంచికి దుకాణం వాళ్ళు పసుపు చీటీ అంటించి, తగ్గించిన ధరలో మళ్ళీ సగం తగ్గిస్తారు. బుధవారం పొద్దున దాన్ని తీసుకెళ్ళి, అయ్యో, ఇది చిరిగిపోయిందే అని అమాయకంగా మొహం పెట్టాలి. ఇలా చేసేవాళ్ళం అయిదారుగురు ఆడవాళ్ళం ఉన్నాం. ఒకరు దాచింది ఇంకొకరు ముట్టుకోకూడదన్నది మా కట్టుబాటు. చీల్చిన వెంటనే టేపు అంటించమని పిన్ని నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఆవిడ చాదస్తం ఆవిడది అనుకునేదాన్ని.

ఆ మంగళవారం అరలో పిల్ల పిండి ఒక్క సంచే మిగిలింది. ఇంట్లో డబ్బా అడుగు గీకి మూడు రోజులైంది. ఉడికించిన బంగాళాదుంపలు చూస్తేనే పిల్ల మొహం తిప్పుకుంటోంది. నేను జేబులోంచి చిన్న కత్తి తీసి సంచి మూల వేలెడు కోసేశాను. టేపు లేదు. గోధుమపిండి ఎప్పుడూ చవకే కాబట్టి దాని మీద మావాళ్ళెవరికీ కన్ను ఉండదని, తీసుకెళ్ళి గోధుమపిండి సంచుల కింద దూర్చాను. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి పోయాను.

బుధవారం తలుపు తీయగానే పరుగెత్తాను. సంచి లేదు. సంచులన్నీ కిందికి దించేశాను, అర కిందకి వంగి తడిమాను. ఎక్కడా లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. తల తిప్పితే తేనె సీసాల దగ్గర కత్తెర పిన్ని కనపడింది, నాకన్నా ముందే లోపలికి దూరినట్టుంది. ఆవిడ బుట్టలో నా సంచి ఉంది, పైన తువ్వాలు కప్పి ఉంది. కోసిన మూల బయటికి కనపడుతోంది. ఆ కత్తి కోత నాదని నేను చీకట్లోనైనా చెప్పగలను.

నేను బుట్ట పట్టుకున్నాను. ఆవిడ వదల్లేదు.

"దాని జోలికి రాకు. అది నీకు కాదు," అంది.

"పసిదాని నోటి దగ్గరది లాక్కుంటావా, సిగ్గులేదూ?" అన్నాను.

ఆవిడ బుట్టని కడుపుకి అదుముకుని వెనక్కి జరిగింది. నేను జుట్టు పట్టుకున్నాను. ఆవిడ నా ముంజేతి మీద కొరికింది, రక్తం వచ్చేదాకా కొరికింది. అరవై రెండేళ్ళ మనిషిలో అంత పట్టు ఉంటుందని నేననుకోలేదు. ఇద్దరం కలిసి అరని గుద్దుకున్నాం. సీసాలు ఒకదాని వెనక ఒకటి నేల మీద పడి పగిలాయి. కౌంటరు దగ్గరి అమ్మాయి కెవ్వుమంది. తేనెలో కాళ్ళు జారి మోకాళ్ళ మీద పడ్డాం, గాజుపెంకులు గుచ్చుకున్నాయి. అయినా ఆవిడ సంచిని వదల్లేదు.

"నోరు మూసుకుని ముందు నా మాట వినవే," అంది.

నాకు విననే బుద్ధి కాలేదు. చేతికందిన సీసా ఎత్తి ఆవిడ నోటి మీదే కొట్టాను. ఎముక విరిగితే ఎలాంటి చప్పుడు వస్తుందో నాకు రోజూ వినే అలవాటే, అందుకే విరిగిందని వెంటనే తెలిసింది. ఆవిడ ఏదో అనబోయింది. నోట్లోంచి రక్తం, రెండు పళ్ళు వచ్చాయి గాని మాట రాలేదు. చెయ్యి చాచి నా చున్నీ పట్టుకుంది. ఆ చేతిని కాలితో తన్ని, సంచి చంకలో పెట్టుకుని, జేబులో ఉన్నదంతా కౌంటరు మీద విసిరికొట్టి బయటికి వచ్చేశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు గెలిచినట్టే ఉంది.

ఇంటికెళ్ళి చేతులు కడుక్కుని పిండి కలిపాను. ఆ రోజు బడి లేదు, పిల్ల పొయ్యి పక్కనే గెంతుతోంది. పిండి రంగు కాస్త తేడాగా ఉంది. చవగ్గా వచ్చిన సరుకు ఇంతే అనుకున్నాను. ఎప్పుడూ పొడిపొడిగా విరిగిపోయే పిండి ఆ రోజు చేతికి సాగుతోంది. నా మనసు ఇంకా ఆ దుకాణంలోనే ఉంది. రెండు రొట్టెలు కాల్చి పిల్ల ముందు పెట్టాను.

తలుపు ధడాలున తెరుచుకుంది. పిన్ని. ఆస్పత్రికి పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చింది. దవడ ఒక పక్కకి జారిపోయింది, రవికె ముందంతా రక్తం. లోపలికి వస్తూనే పిల్ల చేతిలో కంచం మీద కొట్టింది. కంచం గోడకి తగిలి మోగింది. పిల్ల ఏడుపు అందుకుంది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మరీ పసిదాన్ని ఏడిపిస్తుందా అని నేను ఆవిడ మెడ పట్టుకుని గోడకి అదిమాను. ఆవిడ నన్ను కొట్టలేదు. బల్ల మీది సంచిని కాలితో నేలకి తన్ని, వేలితో చూపించింది.

పిండి నేలంతా పరుచుకుంది. తెల్లటి పిండి మధ్యలో గోధుమరంగు చార. నేను కోసిన మూల నుంచి లోపలి దాకా ఉంది. మావాళ్ళలోనే ఎవత్తో ఒక గోధుమపిండి సంచిని కూడా చీల్చి, తెలియక సరిగ్గా నా సంచి మీద దాచింది. అందులోది కారి నా సంచిలోకి దిగింది. పిన్ని అది చూసి, నాకు దొరక్కుండా పట్టుకుపోవాలని చూసింది.

"అమ్మా, నాలిక దురదగా ఉంది," అంది పిల్ల.

అప్పటికే సగం రొట్టె తినేసింది. పెదవులు చూస్తుండగానే ఉబ్బాయి. ఊపిరి ఈలలా వస్తోంది. పొద్దస్తమానం కత్తి పట్టే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇలాంటప్పుడు పొడవమని డాక్టరు ఇచ్చిన ఇంజెక్షను ఎక్కడ పెట్టానో కూడా గుర్తు రాలేదు. పిన్నే గూట్లోంచి దాన్ని లాగి, మూత పళ్ళతో తీయబోయి, నొప్పికి విలవిల్లాడి, చేత్తో తీసి, పిల్లని నేలకి అదిమిపెట్టి గౌను మీంచే తొడలోకి కసుక్కున దించింది. పిల్ల గింజుకుంటున్నా మోకాలితో తొక్కిపెట్టి పది లెక్కపెట్టింది, మాట రాదు కదా, వేళ్ళతో. ఎదురింటాయన అంబులెన్సుని పిలిచాడు.

ఆస్పత్రిలో పిల్ల ఊపిరి కుదుటపడేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడుగాని పిన్ని దవడకి కట్టు కట్టించుకోలేదు. ఎవరు కొట్టారని డాక్టరు అడిగింది. చెప్పకపోతే బాగుండునని నేను ఆశపడ్డాను, అబద్ధమెందుకు. ఆవిడ వేలు తిన్నగా నావైపు చూపించింది. డాక్టరు పోలీసులకి ఫోను చేయడానికి బయటికి వెళ్ళింది.

పిన్ని పర్సులోంచి ఆ వారం తగ్గింపు కాగితం ఒకటి తీసి, వెనక పెన్నుతో ఏదో రాసి నా ఒళ్ళోకి విసిరింది. తిట్టిందేమో, శపించిందేమో అనుకుంటూ విప్పాను.

"టేపు అంటించమన్నానా లేదా?" అని ఉంది.

"అంటించమన్నావు పిన్నీ," అన్నాను.