పంపు వీధి నుంచి మొదలైన ప్రార్థన

పాస్టర్ జెబరాజ్ గొంతులో గొట్టంతో స్పృహ లేకుండా పడి ఉన్న పదకొండు రోజులూ, అదే జెబరాజ్ గొంతు ప్రతి పొద్దునా పేట జనం ఫోన్లలో ప్రార్థన చేసిందని తేన్మొళి కనిపెట్టింది.

కనిపెట్టిన చోటు కోయంబత్తూరులో ఒక కాలేజీ వరండా. వేళ పొద్దున పదిన్నర. పదకొండుంపావుకు ఆమె వేదిక ఎక్కాలి. 'ఆపత్కాలంలో మతం, మాధ్యమాలు' అని గుమ్మానికి సదస్సు బ్యానరు కట్టారు. కరోనా రెండో అల రోజుల్లో మదురైలోని తన తెలుగువాళ్ల పేటను ఒక వాట్సాప్ గొంతు ఎలా నిలబెట్టిందో చెప్పే పరిశోధన పత్రం ఆమెది. మూడేళ్ల కష్టం. ఆ గొంతు పాస్టర్‌దని ఊరంతా చెప్పింది, ఆమె రాసింది. అందుకే ఆయనను, పేటవాళ్లను వ్యానులో పిలిపించారు. పత్రం అయ్యాక ఆయనకు శాలువా కప్పాలని ఏర్పాటు.

పాత కాగితాలేమైనా ఉంటే తెమ్మని తనే అడిగింది. పాస్టరమ్మ జెబమలర్, ఇంగ్లీషులో ఉందని ఇంట్లో ఎవరూ చదవని ఆస్పత్రి ఫైలు మొత్తం సంచిలో వేసుకొచ్చింది. ఫొటో తీద్దామని తెరిస్తే తారీఖులు కళ్లబడ్డాయి. మే పన్నెండు నుంచి ఇరవై రెండు దాకా వెంటిలేటర్. ఆ పదకొండు తారీఖుల ప్రార్థనలూ ఆమె ఫోనులో భద్రంగా ఉన్నాయి. ఆయన నంబరు నుంచే వచ్చాయి.

ఇది బయటపెడితే పాస్టరయ్య పదిమందిలో దొంగవుతాడు. దాచి చదివితే తను దొంగవుతుంది.

"ఏమ్మే, మొగం అట్లా పెట్టుకోనుండావు?" అంటూ వేదవల్లి మేడం వచ్చింది. తేన్మొళి పరిశోధనకు గైడు ఆమే. కారమడై పక్కన అరటితోటల ఇంటి ఆడబిడ్డ, మాట కత్తిపీట.

తేన్మొళి ఫైలు చూపించింది. మేడం కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"కంప్యూటరుతో చేసిన గొంతా?"

"నాలుగేండ్ల కింద మా పేటలో ఎవరికి మేడం అంత తెలివి?"

"సరి. ముప్పావుగంట ఉండాది. ఎవరిదో కనుక్కో. లేదంటే ఆ పత్రం మడిచి బ్యాగులో పెట్టుకో, నేనే పొయ్యి నీ పేరు తీయిస్తా."

పాస్టరూ జెబమలరూ మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తేన్మొళి నసగలేదు. కాగితం ఆయన ఒళ్లో పెట్టి, ఆ పదకొండు ప్రార్థనలూ ఎవరివని అడిగేసింది.

ముందు జెబమలరే మాట అందుకుంది. "ఈయన కాకుంటే ఇంకెవరు పాపా? అప్పుడు నేను మేలూరులో తమ్ముడింట్లో జొరంతో పడుంటి. ఈ గొంతు విన్నాకే మందు మింగేదాన్ని."

పాస్టర్ తల ఎత్తలేదు.

"నాకు ఒగ దినం కూడా గ్యాపకం లేదు తల్లీ," అన్నాడు మెల్లగా. "ఇంటికి వచ్చినాక అందరూ చేతులు పట్టుకొని ఏడ్చిరి. నీ ప్రార్థనే మమ్మల్ని కాచిందయ్యా అంటిరి. జొరంలో నేనే చేసినానేమో అనుకొంటి. కాదని చెప్పను నోరు రాలా. నాలుగేండ్లుగా వేరేవాని చొక్కా తొడుక్కొని తిరిగినట్టుండాది. ఆ శాలువా వద్దని మీ మేడంకు చెప్పు."

తేన్మొళి గుండెల మీది బండ సగం దిగింది. ఈయన దొంగ కాడు. మరి దొంగెవరు?

మే పద్నాలుగు నాటి ప్రార్థన పెట్టి ఫోను చెవికి ఆనించుకుంది. అదే చిన్న దగ్గు, మాట చివర అదే సాగతీత. 'పంపు వీధిలో ఉండే మావాండ్లను కాచు దేవా. బావి సందులో ఉండేవాండ్లను కాచు. పాత లైను, కొత్త లైను, చర్చి వీధి...'

ఆపింది. మే పదో తారీఖుది పెట్టింది. అందులో చర్చి వీధి ముందు. పాస్టర్ ఎప్పుడూ తన గుమ్మం నుంచే మొదలుపెట్టేవాడు, అదీ ఆరు కొట్టగానే. ఈ పదకొండు మాత్రం ఏడు దాటాక వచ్చాయి. పదకొండూ పంపు వీధి నుంచే మొదలయ్యాయి.

పంపు వీధి, బావి సందు, పాత లైను, కొత్త లైను. ఈ వరస చెవికన్నా ఆమె కాళ్లకు బాగా తెలుసు. మారియమ్మ తిరునాళ్లలో తలకెత్తుకునే అమ్మవారి కుండ, కరగం, పంపు దగ్గర నీళ్లు నింపుకుని, ఇదే వరసలో పేట చుట్టి వస్తుంది. చిన్నప్పుడు వేపాకు పట్టుకుని ఎన్నిసార్లు వెనక నడిచిందో. కరగం ముందు మైకు పట్టుకుని వీధి వీధికీ కేకవేసే మనిషి ముప్పై ఏళ్లుగా ఒక్కడే. మధ్య మధ్యలో కౌన్సిలరు గొంతు, రైల్వే స్టేషన్ మైకులో అమ్మాయి గొంతు పలికి జనాన్ని నవ్వించేదీ అతనే.

కరుప్పన్. నగరపాలికలో చెత్త ఎత్తే కుప్పబండి తోలే కరుప్పన్. తిరుగు దారిలో దిండిగల్ బిర్యానీ తినొచ్చని ఇవాళ వ్యానెక్కి వచ్చినవాడు.

తేన్మొళికి నవ్వొచ్చింది. "లేవండయ్యా, అక్కా మీరూ రండి," అని ఇద్దరినీ క్యాంటీనుకు నడిపించింది.

కరుప్పన్ బోండాను చట్నీలో ముంచుతున్నాడు. "రా పాపా, తిను. కోయంబత్తూరు బోండాలో ఉప్పు కూడా మరియాదగా ఉండాది."

"మామా, పంపు వీధి నుంచి ఎందుకు మొదలుపెట్టినావు?"

బోండా నోటిదాకా పోయి ఆగింది. అతను ఆమెను చూశాడు, ఆమె వెనక నిలబడ్డ పాస్టర్‌ను చూశాడు. లేచి పంచెకు చెయ్యి తుడుచుకున్నాడు.

"ఎవరు చెప్పిరి?"

"నీ కరగమే చెప్పింది."

పాస్టర్ భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వులోనే కళ్లు తుడుచుకున్నాడు. "చర్చి గడప తొక్కనోడు పదకొండు దినాలు నా ఉద్యోగం చేసినాడే. చొక్కా నీదా కరుప్పా? తీసుకోరా సామీ, నా ఒళ్లు చల్లగా అయ్యింది."

తేన్మొళి మేడంకు మెసేజ్ కొట్టింది: 'నా పేరు తీయొద్దు మేడం. ఇంకో శాలువా తెప్పించండి.'

జెబమలర్ మాత్రం నవ్వలేదు. "నేను ఈయన ఫోనుకు అన్నిసార్లు చేస్తే ఎందుకు ఎత్తలేదురా?"

కరుప్పన్ తల గోక్కున్నాడు.

"ఆ ప్రార్థనలన్నీ నేనే చేసినా అక్కా. అయ్యకు ఊపిరాడని దినం ఆంబులెన్సు రాలా. అయ్యను కుప్పబండిలోనే పండబెట్టి తోలుకొని పోతిని. ఆయన్ను లోపలికి తీసుకపోయిరి, లాకు లేని ఆయన ఫోను బండిలో పడిపొయ్యింది. మర్నాడు ఆరైంది, ప్రార్థన రాలా. ఆరుంపావు నుంచి ఆ ఫోను మోగతానే ఉండె. పాస్టరు పొయ్యినాడా, పొయ్యినాడా అని పేటంతా అడిగేదే. పాత లైనులో అప్పటికే ముగ్గురు పోయుండిరి. ఈ పుకారు కూడా పాకితే మిగిలినోళ్లు బయంతోనే పోతారనిపించె. అయ్య గొంతు పలికేది నాకు కొత్తా ఏంది, ఆయన్ను ఏడిపించను ఎన్నిసార్లు పలికినానో. మీ దేవుని వరస నాకు తెలీదు. తెలిసింది కరగం తిరిగే వరస, అదే చెప్పినా. నీ ఫోను ఎత్తితే నీ దగ్గిర నా వేషం నిలబడదక్కా. అందుకే 'దినానికి రెండు నిమిషాలే మాట్లాడమన్నారు, అది ప్రార్థనకే' అని తమిళంలో టైపు చేసి పంపినా. అది పచ్చి అబద్ధం, దానికి నన్ను కొట్టు. పన్నెండో దినం ఆయన కండ్లు తెరిస్తే ఫోను దిండు కింద పెట్టేసినా. ఒగటి మాత్రం విను. ఆ వార్డులో కుప్ప ఎత్తను నన్నే వేసినారు. పొద్దున పని కాంగానే వార్డు అద్దం తలుపు దగ్గిర నిలబడి, అయ్య రొమ్ము లేస్తా ఉందా అని చూసేవాన్ని. లేస్తా ఉంటేనే ఆ ప్లాస్టిక్ అంగీ విప్పి, చేతులు కడుక్కొని, బండిలో కూసోని మాట్లాడేది. దానికే ఏడు దాటేది. లేవకుంటే పంపకూడదని మారియమ్మ మీద ఒట్టు పెట్టుకొన్నా. పదకొండు దినాల్లో ఒగ దినం కూడా చూడకుండా పంపలేదక్కా."